డౌన్‌బీట్ తొంభై ఏళ్లు ఎలా నిలిచింది

1934 జూలైలో షికాగోలో అమెరికన్ జాజ్ పత్రిక డౌన్‌బీట్ తొలి సంచిక వెలువడింది. హోటళ్లలో, డాన్స్ హాళ్లలో రాత్రంతా వాయించి పొట్టపోసుకునే వాద్యకారుల కోసం పెట్టిన పత్రిక అది. స్థాపకుడు ఆల్బర్ట్ లిప్‌షుల్ట్జ్ శాక్సఫోన్ వాయించేవాడు, తోటి వాద్యకారులకు బీమా పాలసీలు అమ్మేవాడు. వాద్యకారుల యూనియన్ అభ్యంతరం చెప్పడంతో కొద్ది నెలలకే పత్రికను వదులుకున్నాడు. అది గ్లెన్ బర్స్ చేతికి వచ్చింది. కార్ల్ కాన్స్ సంపాదకత్వం చూశాడు. వీళ్లిద్దరూ వాద్యకారులే.

తర్వాతి తొంభై ఏళ్లలో ఈ పత్రిక ఏం సాధించిందో, ఎక్కడ బోల్తాపడిందో చాలావరకు ఈ పుట్టుకను బట్టే అర్థమవుతుంది. చదివేవాళ్లు వాయించేవాళ్లు కాబట్టి వాద్యాల కంపెనీలు ప్రకటనలిచ్చాయి. ఆ ప్రకటనల ఆదాయం ఉండబట్టే శ్రోతల అభిరుచి మారిన ప్రతిసారీ పత్రిక నిలదొక్కుకోగలిగింది. పనిచేసుకునే వాద్యకారుడికి నిన్నటిదాకా తిండిపెట్టిన శైలి మీద మమకారం ఉంటుంది కాబట్టి, కొత్త సంగీతం వచ్చిన ప్రతిసారీ పత్రిక మొదట తడబడింది కూడా.

1930ల సంచికలు తిరగేస్తే ముందుగా కనిపించేవి వార్తలు, ప్రకటనలు. సెల్మర్, కాన్ శాక్సఫోన్లు, జిల్జియన్ సింబల్స్, స్లింగర్లాండ్ డ్రమ్ములు. ఏ బృందం ఏ ఊళ్లో, ఏ హోటల్లో వాయిస్తోందో వరసగా ఇచ్చే జాబితా. ఎవరు ఏ బృందం వదిలి ఎక్కడ చేరారన్న కబుర్లు. షారన్ పీస్ పియానో శీర్షికలో ప్రసిద్ధ పియానిస్టుల బాణీని నొటేషన్‌తో సహా అచ్చువేసేవారు. రికార్డు సమీక్షకు దక్కేది కొద్ది వాక్యాలే. అప్పటి 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక్కో వైపు మూడు నిమిషాల పాట, కాబట్టి సమీక్ష కూడా అంతే పొట్టి. 1948లో కొలంబియా కంపెనీ ఎక్కువసేపు వాయించే ఎల్పీ (లాంగ్ ప్లే) రికార్డు తెచ్చాక విమర్శకుడికి మాట్లాడటానికి విషయమూ పెరిగింది, పత్రికలో చోటూ పెరిగింది.

ఈ వార్తాపత్రిక స్వభావానికి ఎంత బలం ఉండేదో పియానిస్టు, బృంద నాయకుడు కౌంట్ బేసీ ఉదంతం చూపిస్తుంది. 1936 తొలినాళ్లలో రికార్డు నిర్మాత, విమర్శకుడు జాన్ హామండ్ షికాగోలో కారు రేడియోలో కాన్సస్ సిటీ నుంచి వస్తున్న బేసీ బృందాన్ని విన్నాడు. డౌన్‌బీట్‌లో ఆ బృందాన్ని ఆకాశానికెత్తుతూ రాశాడు. తన కంపెనీ తరఫున బేసీని రికార్డు చేయాలన్నది అతని ఉద్దేశం. కానీ ఆ రాతలు పోటీ కంపెనీవాళ్లూ చదివారు. డెక్కా తరఫున డేవ్ కాప్ ముందుగా కాన్సస్ సిటీ చేరి బేసీతో సంతకం చేయించుకున్నాడు. ఏడాదికి 24 పాటలకు 750 డాలర్లు, రాయల్టీ లేదు. బృందానికి పేరు తెచ్చిన ప్రచారమే దాన్ని నష్టపు ఒప్పందంలోకి నెట్టింది. రికార్డులు నిర్మించే మనిషే రికార్డుల గురించి రాయడంలో ఉన్న చిక్కును అప్పటి పత్రిక పెద్దగా పట్టించుకోలేదు.

హామండ్ రాతలకే ఇంకో పార్శ్వం నల్లజాతి బ్లూస్ గాయని బెస్సీ స్మిత్ మరణం. 1937 సెప్టెంబర్ 26న మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర కారు ప్రమాదంలో ఆమె చనిపోయింది. తెల్లవాళ్ల ఆసుపత్రి చేర్చుకోకపోవడం వల్ల రక్తం పోయి చనిపోయిందా అన్న ప్రశ్నతో హామండ్ ఆ నవంబర్ సంచికలో రాశాడు. తను విన్న మాటగానే రాసినా, ఆ ప్రశ్న కొద్ది కాలంలోనే నిజంగా చలామణీ అయి, పుస్తకాల్లోకి, నాటకంలోకి కూడా ఎక్కింది. నిజానికి అంబులెన్స్ ఆమెను నేరుగా క్లార్క్స్‌డేల్‌లోని నల్లవారి ఆసుపత్రికే తీసుకెళ్లింది; అక్కడ చెయ్యి తొలగించాల్సి వచ్చింది, అయినా బతకలేదు. ప్రమాదస్థలంలో ఆమెను చూసిన వైద్యుడి సాక్ష్యంతో క్రిస్ ఆల్బర్ట్‌సన్ 1972లో ఈ సంగతి తేల్చేదాకా ముప్పై అయిదేళ్లు పట్టింది. దక్షిణాది ఆసుపత్రుల్లో వర్ణవివక్ష అక్షరాలా వాస్తవం. ఈ ఒక్క ఘటనకు మాత్రం ఆ కథ అతకదు. పాత సంచికల్లో ప్రశ్నార్థకంతో ముగిసే శీర్షిక కనిపిస్తే, కింద రాసినదాన్ని వదంతిగానే తీసుకోవాలి.

వేగం, క్లిష్టత నిండిన కొత్త జాజ్ శైలి బీబాప్ వచ్చినప్పటి తడబాటు ఇంకా ప్రసిద్ధం. 1945 నవంబర్‌లో శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ సవోయ్ కంపెనీకి రికార్డు చేసిన రెండు పాటల మీద 1946 ఏప్రిల్‌లో వచ్చిన సమీక్ష వాటిని అభిరుచి లోపానికి ఉదాహరణలుగా చూపించింది. ట్రంపెట్ వాయించినవాడిని పేరు కూడా చెప్పకుండా, డిజీ గిలెస్పీని అనుకరించే కుర్రాడిగా తీసిపారేసింది. ఆ కుర్రాడు, తర్వాత జాజ్ దిగ్గజాల్లో ఒకడైన మైల్స్ డేవిస్, అప్పటికి 19 ఏళ్లవాడు. సమీక్షకుడికి చెవి లేదని తేల్చేయడం తేలికే గానీ, కారణం అంతకంటే లోతైనది. పెద్ద బృందంలో ఒకే రకం వాద్యాల సెక్షన్ అంతా ఒక్క గొంతుగా పలకడం, స్వరం గుండ్రంగా ఉండటం, నాట్యానికి తగ్గ లయ: ఇవే పత్రిక పాఠకుల వృత్తి నైపుణ్యాలు. బీబాప్ ఈ మూడింటినీ పక్కన పెట్టింది. డాన్స్ హాలు వాద్యకారుడి కొలమానంతో పార్కర్‌ను కొలిస్తే వచ్చే ఫలితమే ఆ సమీక్షలో వచ్చింది.

అదే ఏడాది చివర్లో ఆ డాన్స్ హాలు ప్రపంచమే కూలింది. 1946 డిసెంబర్ ప్రాంతంలో బెన్నీ గుడ్‌మన్, వుడీ హెర్మన్, హ్యారీ జేమ్స్, టామీ డోర్సీ వంటి వాళ్ల పెద్ద బృందాలు కొద్ది వారాల తేడాతో మూతపడ్డాయి. బృందాలు పోతే బృందాల వార్తలు పోతాయి, ప్రకటనలు పలచబడతాయి. డౌన్‌బీట్ అప్పుల్లో పడింది. 1950లో దాన్ని చేజిక్కించుకున్నది బాకీ రావలసిన ముద్రణాలయం యజమాని జాన్ మహర్. అచ్చు ఖర్చులు రాక పత్రికే రాబట్టుకున్న ఆ కుటుంబం చేతిలోనే అది ఆ తర్వాత నడిచింది. సంగీతం మీద భక్తితో పెట్టిన జాజ్ పత్రికలెన్నో ఆ భక్తుడి డబ్బుతోపాటే అయిపోయాయి. లెక్కల పుస్తకం చూడటం తెలిసిన యజమాని దొరకడం డౌన్‌బీట్‌కు కలిసొచ్చింది.

పత్రిక ప్రభావం ఎక్కువగా వ్యాసాల ద్వారా కాక మూడు సాధనాల ద్వారా పాకింది: పోల్, నక్షత్రాలు, బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్. జాజ్ గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ వీటి పరిభాషలోనే మాట్లాడతారు, కాబట్టి ఒక్కోటి ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో చూడటం అవసరం.

పాఠకుల పోల్ 1936లో మొదలైంది. పత్రికలో అచ్చైన బ్యాలెట్ కత్తిరించి, నింపి, పోస్టులో పంపాలి. అంటే ఓటు హక్కు పత్రిక కొన్నవాళ్లకే. ఆ కాలంలో కొన్నవాళ్లలో ఎక్కువమంది తెల్ల వాద్యకారులు, వాళ్లు రేడియోలో వినేవి హోటళ్ల నుంచి ప్రసారమయ్యే తెల్ల బృందాలు. ఆ హోటళ్లు చాలావరకు నల్ల బృందాలను తీసుకునేవి కావు. అందువల్ల తొలి ఏళ్ల ఫలితాల్లో తెల్ల వాద్యకారుల ఆధిక్యం కనిపిస్తుంది. ఎవరు ఎక్కువ వినపడ్డారన్నది ఈ అంకెల్లో ఉంటుంది. ఎవరు బాగా వాయించారన్నది వేరే ప్రశ్న.

1952లో మొదలైన హాల్ ఆఫ్ ఫేమ్ (గొప్ప వాద్యకారుల గౌరవ జాబితా) ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మొదటి ఏడాది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. తర్వాత వరసగా 1953లో గ్లెన్ మిల్లర్, 1954లో స్టాన్ కెంటన్, 1955లో చార్లీ పార్కర్. జాజ్‌లో అగ్రశ్రేణి స్వరకర్త, బృంద నాయకుడు డ్యూక్ ఎల్లింగ్టన్ పేరు 1956లో గానీ రాలేదు. కెంటన్ వెనక ఎల్లింగ్టన్ నిలబడ్డ ఆ జాబితాను యోగ్యతల పట్టికగా ఎవరూ చదవకూడదు. ఇంకో ధోరణి కూడా ఉంది. పార్కర్ 1955 మార్చిలో చనిపోయాడు, ఆ ఏడాదే ఎంపికయ్యాడు. లెస్టర్ యంగ్ 1959లో పోయాడు, ఎంపికైందీ 1959లోనే. శాక్సఫోన్ వాద్యకారుడు ఎరిక్ డాల్ఫీకి 1964లో, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌కు 1970లో అదే జరిగింది. పాఠకుల ఓటు చాలాసార్లు నివాళిగా పడింది.

ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది విమర్శకుల పోల్. అది 1953లో మొదలైంది. 1961 నుంచి విమర్శకులు కూడా హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకుంటున్నారు. వాళ్ల మొదటి మూడు ఎంపికలు: కోల్మన్ హాకిన్స్, బిక్స్ బైడర్‌బెక్, జెల్లీ రోల్ మోర్టన్. బైడర్‌బెక్ 1931లోనే, మోర్టన్ 1941లోనే చనిపోయారు. పాఠకులు తాము చూసినవాళ్లకు, విన్నవాళ్లకు ఓటేస్తే, విమర్శకులు అల్మారాలోని రికార్డులకు వేశారు. రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే ఏ ఏడాది గురించైనా సగం నిజమైనా తెలుస్తుంది. విమర్శకుల పోల్‌లో మరింత విలువైనది, ఇంకా గుర్తింపు రావలసిన వాద్యకారుల విభాగం. ఇప్పుడు దాని పేరు రైజింగ్ స్టార్. మొదటి స్థానాలు ఏళ్లతరబడి ఒకే పేరు దగ్గర ఆగిపోతే, కదలిక కనిపించేది ఇక్కడే.

నక్షత్రాల సంగతికొస్తే, అయిదు అత్యున్నతం, నాలుగు చాలా బాగుంది, మూడు బాగుంది, రెండు ఫర్వాలేదు, ఒకటి నాసిరకం అన్నది స్థిరపడిన కొలత. సినిమా రేటింగులకు అలవాటుపడిన కళ్లకు మూడు తక్కువనిపిస్తుంది. ఇక్కడ మూడంటే మెప్పే. ఒకే సమీక్షకుడి రేటింగులను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. ఇద్దరివి పోల్చితే తప్పుదారి పడతాం. దీనికి పత్రికే 1962 జనవరి 18 సంచికలో మరపురాని రుజువిచ్చింది. శాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ రెండు క్వార్టెట్లను (నలుగురేసి బృందాలను) కలిపి దాదాపు 37 నిమిషాలు ఆగకుండా వాయించిన ఫ్రీ జాజ్ రికార్డును ఇద్దరు విమర్శకులకు ఇచ్చారు. పీట్ వెల్డింగ్ అయిదు నక్షత్రాలిచ్చాడు. జాన్ టైనన్ ఒక్కటీ ఇవ్వలేదు. సగటు తీస్తే రెండున్నర, అంటే ఎవరూ పట్టించుకోనక్కర్లేని సాదాసీదా రికార్డు. ఆ రికార్డు గురించి అంతకంటే అబద్ధం ఉండదు. రెండు సమీక్షలనూ ఒకే పేజీ మీద అచ్చువేయడం డౌన్‌బీట్ చరిత్రలోని అత్యుత్తమ సంపాదక నిర్ణయాల్లో ఒకటి. ఇప్పటి హాట్ బాక్స్ విభాగం ఆ పద్ధతినే కొనసాగిస్తోంది. నలుగురు విమర్శకులు నాలుగు ఆల్బమ్‌లకు విడివిడిగా రేటింగ్ ఇస్తారు, పట్టికలో అన్నీ కనిపిస్తాయి. అందులో అందరూ మూడున్నర ఇచ్చినదానికంటే ఒకరు అయిదు, ఒకరు రెండు ఇచ్చిన ఆల్బమ్‌నే ముందు వినాలి.

బ్లైండ్‌ఫోల్డ్ టెస్ట్‌ను లెనర్డ్ ఫెదర్ 1946లో పోటీ పత్రిక మెట్రనోమ్‌లో మొదలుపెట్టాడు. తొలి అతిథి మేరీ లూ విలియమ్స్. 1951లో దాన్ని డౌన్‌బీట్‌కు తీసుకొచ్చాడు. పద్ధతి సరళం. వాద్యకారుడికి ఏ వివరమూ చెప్పకుండా రికార్డు వినిపిస్తారు. ఎవరు వాయించారో ఊహించమని, అభిప్రాయం చెప్పమని, నక్షత్రాలివ్వమని అడుగుతారు. మాటలు టేపు చేసి, అచ్చులో పైన రికార్డు వివరాలు పెట్టి కింద ఆ వ్యాఖ్య ఇస్తారు. పాఠకుడికి జవాబు ముందే తెలుసు, అతిథికి తెలియదు. రక్తి కట్టించేది అదే. 1951లో ట్రంపెటర్ రాయ్ ఎల్డ్రిడ్జ్, వాయించేది నల్లవాడో తెల్లవాడో విని చెప్పేస్తానని ఫెదర్‌తో పందెం కాశాడు. చాలావరకు తప్పు చెప్పాడు. సంగీతంలో జాతిని చెవితో పట్టేయవచ్చన్న నమ్మకాన్ని ఒక్క పేజీ అంత గట్టిగా కదిలించడం అరుదు. 1964 జూన్‌లో మైల్స్ డేవిస్ వంతు వచ్చింది. డాల్ఫీని, సెసిల్ టేలర్‌ను నిర్దాక్షిణ్యంగా కొట్టిపారేశాడు. ఎల్లింగ్టన్ వాయించిన రికార్డును సైతం వదల్లేదు.

అయితే ఈ పరీక్షలో పరీక్షించేవాడి చెయ్యి కనపడకుండా పనిచేస్తుంది. ఏ రికార్డులు ఎంచాలన్నది అతని ఇష్టం. అతిథికి గిట్టనివి వరసగా వినిపిస్తే కోపం రాబట్టవచ్చు, శిష్యులవి వినిపిస్తే పొగడ్తలు రాబట్టవచ్చు. డేవిస్ పేజీ చదివేటప్పుడు అతని మాటలతోపాటు ఫెదర్ ఎంపికను కూడా గమనించాలి. ఉత్సవాల్లో ప్రేక్షకుల ముందు జరిగే టెస్టుల్లో మొహమాటం ఎక్కువ; గది తలుపులు మూసి చేసినవే పదునుగా ఉంటాయి.

1961 నుంచి 1963 దాకా వచ్చిన సంచికలు మొత్తం చరిత్రలో అతి ఆసక్తికరమైనవి. 1961 నవంబర్‌లో టైనన్, హాలీవుడ్ క్లబ్బులో శాక్సఫోన్ వాద్యకారులు జాన్ కోల్ట్రేన్, డాల్ఫీ కలిసి వాయించింది విని, అది జాజ్‌కు వ్యతిరేకమని రాశాడు. ఉత్తరాల శీర్షికలో రెండు పక్షాలూ కలియబడ్డాయి. సంపాదకుడు డాన్ డీమైకల్ ఆ ఇద్దరి దగ్గరికే వెళ్లి ఒక్కో ఆరోపణనూ ముందుపెట్టి జవాబు అడిగాడు. 1962 ఏప్రిల్ 12న అది అచ్చైంది. పక్షుల కూతల్లో పాశ్చాత్య స్వరాలకు నడుమ పడే స్వరాలున్నాయని, భారతీయ సంగీతంలోనూ అలాంటి గుణం ఉందని డాల్ఫీ అందులో చెప్పాడు. శ్రుతి తప్పిందన్న నిందకు అది సూటి జవాబు. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఆ జవాబు అమెరికన్ పాఠకుడికంటే త్వరగా ఎక్కుతుంది. 1963 ఆగస్టులో లెరోయ్ జోన్స్ (తర్వాతి పేరు అమీరీ బరాకా), జాజ్ విమర్శకుల్లో దాదాపు అందరూ తెల్లవాళ్లే కావడం వల్ల విమర్శకు పట్టిన జబ్బు గురించి డౌన్‌బీట్ పేజీల్లోనే రాశాడు. అతనికి అందులో శీర్షిక కూడా దక్కింది. తనను దోషిగా నిలబెట్టే వాదనకు తనే చోటివ్వడం ఏ పత్రికకైనా తేలిక కాదు.

ఆదాయం వైపు చూస్తే, అసలు మలుపు బడులు, కళాశాలల వల్ల వచ్చింది. బాస్టన్‌లో తర్వాత బర్క్లీగా మారిన పాఠశాల 1945లో మొదలైంది. నార్త్ టెక్సస్‌లో 1947లో డాన్స్ బృంద సంగీతానికి డిగ్రీ పెట్టారు. డాన్స్ హాళ్లలో కరువైన పాఠకుడు తరగతి గదిలో దొరుకుతాడని ప్రచురణకర్త చార్ల్స్ సూబర్ గ్రహించాడు. స్కూలు బృందాల వార్తలు, వాటికి సరిపడే ఆరెంజ్‌మెంట్లు (పాటను వాద్యాలవారీగా పంచి రాసిన ప్రతులు), శిక్షకులకు సలహాలు పెరిగాయి. 1978 నుంచి విద్యార్థులకు స్టూడెంట్ మ్యూజిక్ అవార్డులిస్తున్నారు. వాద్యాల కంపెనీలకు ఇంతకంటే మంచి పాఠకుడు లేడు: పదహారేళ్లకు మొదటి మంచి శాక్సఫోన్ కొనేవాడు. మహర్ కుటుంబ సంస్థ వాద్యాల దుకాణదారుల కోసం మ్యూజిక్ ఇంక్ అనే మరో పత్రిక కూడా నడుపుతోంది. ఈ ఏర్పాటుకు మూల్యం కూడా ఉంది. కళాశాలల ప్రకటనల మధ్య నడిచే పత్రికలో పాత రోజుల తగాదాలకు చోటు తగ్గింది. ఇప్పటి రేటింగులు ఎక్కువగా మూడు, నాలుగు నక్షత్రాల మధ్యే తిరుగుతాయి.

విద్యార్థులకు ఎక్కువ పనికొచ్చేది సోలోల (ఒక్కరే ముందుండి వాయించే భాగాల) నొటేషన్. దాన్ని వాడేటప్పుడు రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. మొదటిది శ్రుతి. కాన్సర్ట్ శ్రుతిలో (అంటే పియానో మీద పలికే స్వరాల్లో) అచ్చైన సి స్వరం ట్రంపెట్, టెనర్ శాక్సఫోన్లకు డి అవుతుంది, ఆల్టోకు ఏ అవుతుంది. నొటేషన్ ఏ శ్రుతిలో ఉందో పైన శీర్షికలో చూడకుండా వాయిస్తే రికార్డుతో కలవదు. రెండోది లయ. కాగితం మీద ఒక్కో బీటును రెండుగా పంచే ఎయిత్ నోట్లన్నీ సమానంగా కనిపిస్తాయి. మధ్యమ వేగంలో వాయించేటప్పుడు మొదటిది పొడుగు, రెండోది పొట్టి, దాదాపు రెండుకు ఒకటి నిష్పత్తిలో. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. కృతిని స్వరపరిచి అచ్చేస్తే గమకం కాగితం మీదికి పూర్తిగా రానట్టే, ఇక్కడా అసలు పట్టు రికార్డులోనే ఉంటుంది. ముందు విని పాడగలిగాకే నొటేషన్ చూడాలి.

1967 జూన్‌లో డాన్ మోర్గన్‌స్టర్న్ సంపాదకత్వంలో రాక్ సంగీతాన్ని కూడా పరిశీలిస్తామని ప్రకటించినప్పుడు పాత పాఠకులు మండిపడ్డారు. రెండు వారాలకోసారి వచ్చే పత్రిక 1979లో మాసపత్రికైంది. 1880ల్లో పుట్టిన మెట్రనోమ్ 1961లో ఆగిపోయింది. జపాన్‌లో 1947 నుంచి వచ్చిన స్వింగ్ జర్నల్ 2010లో ఆగింది. బ్రిటన్‌లో 1926లో డాన్స్ బృందాల పత్రికగా మొదలైన మెలొడీ మేకర్ పాప్ వైపు పూర్తిగా మళ్లి, 2000లో ముగిసింది. డౌన్‌బీట్‌కంటే ముందు, 1933లో మొదలైన స్వీడన్ పత్రిక ఓర్కెస్టర్ జర్నాలెన్ మాత్రం దానికి అన్నగారి వరస. 1935లో పుట్టిన ఫ్రెంచి జాజ్ హాట్, రికార్డుల వివరాలు శాస్త్రీయంగా సేకరించే డిస్కోగ్రఫీ పనిలో డౌన్‌బీట్‌కంటే లోతుకు వెళ్లింది.

కొత్తగా చదవబోయేవాళ్లకు సంవత్సర క్రమం ఇది: జూన్‌లో విద్యార్థుల అవార్డులు, ఆగస్టులో విమర్శకుల పోల్, అక్టోబర్‌లో జాజ్ చదువుల వివరాలు, డిసెంబర్‌లో పాఠకుల పోల్. సమీక్ష చదివేటప్పుడు నక్షత్రాలకంటే ముందు అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉండే వాద్యకారుల పట్టిక చూడాలి. డ్రమ్మర్, బాస్ వాయించేవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకుంటే వాళ్లు వాయించిన మరో పది ఆల్బమ్‌లు దొరుకుతాయి. పాత సంచికల స్కాన్లు వరల్డ్ రేడియో హిస్టరీ సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఏదైనా వివాదాస్పద సమీక్ష కనిపిస్తే అక్కడితో ఆగకుండా, తర్వాతి రెండు మూడు సంచికల్లో కార్డ్స్ అండ్ డిస్కార్డ్స్ అనే ఉత్తరాల శీర్షిక వెతకాలి. ఆ రికార్డులో వాయించినవాళ్లే కొన్నిసార్లు అక్కడ జవాబు రాస్తారు.